ఫైలు మీది సంతకం: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఫిలడెల్ఫియా నగర డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే అక్కడి ప్రధాన ప్రాసిక్యూటర్, లారీ క్రాస్నర్ రాజకీయ జీవితం మీద నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. వాక్యం హాయిగా నడుస్తోంది. ర్యాలీలు, నినాదాలు, గెలిచిన రాత్రి సందడి బాగా పట్టుకున్నావు. అయితే అన్ని పేజీలు తిప్పినా ఆయన పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి ఏం చేస్తాడో నాకు బోధపడలేదు. ఎమ్మెల్యే గురించి రాసేటప్పుడు సభలూ యాత్రలూ సరిపోవచ్చు. ప్రాసిక్యూటర్ రాజకీయం ఫైలు మీద పెట్టే సంతకంలో ఉంటుంది. ఎవరి మీద కేసు పెట్టాలి, ఏ నేరం కింద పెట్టాలి, ఎవరిని వదిలేయాలి, ఎంత శిక్ష అడగాలి అన్నవే ఆ పదవిలో అసలు పనులు. నీ పుస్తకంలో ఆ సంతకాలు కనబడాలి.

ముందు మన పాఠకుడి సంగతి చూడు. ప్రాసిక్యూటర్ అనగానే అతనికి గుర్తొచ్చేది మన పీపీ గారు. పోలీసులు దర్యాప్తు చేసి ఛార్జిషీటు వేస్తే, కోర్టులో ఆ కేసు నడిపే మనిషి. ఆయన్ని నియమించేది ప్రభుత్వం. ఫిలడెల్ఫియాలో పద్ధతి వేరు. పోలీసులు అరెస్టు చేస్తారు, కాగితాలు డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసులోని ఛార్జింగ్ యూనిట్‌కు వెళ్తాయి, అభియోగం మోపాలా వద్దా అన్నది అక్కడ తేలుతుంది. దాదాపు 300 మంది ప్రాసిక్యూటర్లున్న ఆ ఆఫీసు అధిపతిని నగర ప్రజలు నాలుగేళ్లకోసారి, పార్టీల వారీగా ఎన్నుకుంటారు. ఆయన మేయర్ కింద పనిచేయడు. బడ్జెట్ ఇచ్చేది సిటీ కౌన్సిల్. పోలీస్ కమిషనర్‌ను నియమించేది మేయర్, కాబట్టి పోలీసులకు డిస్ట్రిక్ట్ అటార్నీ పైఅధికారి కాడు. నీ ప్రతిలో ‘పోలీసులను అదుపులో పెట్టాడు’ అన్న వాక్యం ఉంది, తీసెయ్. పోలీసులు తెచ్చిన కేసును ఆయన తిప్పి పంపగలడు. తప్పు చేసిన పోలీసు మీద కేసు పెట్టగలడు. మాట నమ్మలేని పోలీసును సాక్షిగా పిలవకుండా ఉండగలడు. ఏది చేశాడో ఆ సంగతే రాయి.

ఒక చిన్న మాట. పేజీ నిండా ‘డీఏ’ అని వాడావు. మన ఇళ్లలో సగంమందికి డీఏ అంటే కరువు భత్యం. ‘డిస్ట్రిక్ట్ అటార్నీ’ అని పూర్తిగా రాయి, తర్వాత ‘అటార్నీ’ చాలు.

సంతకం ఎంత దూరం పోతుందో పాఠకుడికి తెలియాలంటే క్రాస్నర్ కన్నా ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లు. 1986లో ఆ కుర్చీలో ఉన్నది రొనాల్డ్ కాస్టిల్. ఒక హత్య కేసులో మరణశిక్ష అడగడానికి అనుమతి కోరుతూ కింది ప్రాసిక్యూటర్ మెమో పంపితే, ఆ కాగితం అడుగున చేత్తో ఒక్క వాక్యం రాసి, సరేనని సంతకం చేశాడు. 1991లో మేయర్ పదవి కోసం రాజీనామా చేసి, రిపబ్లికన్ ప్రైమరీలోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోనే, ఓడిపోయాడు. 1993లో రాష్ట్ర సుప్రీంకోర్టుకు పోటీ చేశాడు. పెన్సిల్వేనియాలో జడ్జీలకూ ఎన్నికలే. తన హయాంలో 45 మందికి మరణశిక్ష పడేలా చేశానని ప్రచారంలో చెప్పుకుని గెలిచాడు, తర్వాత చీఫ్ జస్టిస్ అయ్యాడు. ఆ పాత హత్య కేసు తిరిగి తిరిగి ఆయన ధర్మాసనం ముందుకే వచ్చింది. ఈ కేసు నుంచి తప్పుకోండని ముద్దాయి లాయర్లు అడిగారు. తప్పుకోలేదు. కింది కోర్టు తీసేసిన మరణశిక్షను 2014లో ఆయన కోర్టు మళ్లీ నిలబెట్టింది. 2016లో అమెరికా సుప్రీంకోర్టు 5-3 మెజారిటీతో, ప్రాసిక్యూటర్‌గా కీలక నిర్ణయం తీసుకున్న మనిషి అదే కేసులో జడ్జిగా కూర్చోవడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చి ఆ తీర్పు కొట్టేసింది. ఆ తీర్పు ప్రతి అందరికీ దొరుకుతుంది. మెమో సంగతి, ఎన్నికల ప్రచారం సంగతి రెండూ అందులో ఉన్నాయి. దాని మీద ఐదారు పేజీలు రాయి. సంతకం పెట్టేటప్పుడు ఆయన మనసులో ఏముందో మాత్రం ఊహించకు. కాగితం, తేదీ, తర్వాత జరిగింది వరసగా పెడితే చాలు.

మిగతా పాత అటార్నీలకు రెండు మూడు పేరాలు చాలు. ఆ కుర్చీ పెద్ద పదవులకు మెట్టు అని రాసేవాళ్లు మధ్యలోని ఓటములు వదిలేస్తారు, నువ్వు వదలకు. ఆర్లెన్ స్పెక్టర్ 1965లో గెలిచాడు, 1967లో మేయర్‌గా పోటీ చేసి ఓడాడు, 1973లో ఉన్న కుర్చీ పోగొట్టుకున్నాడు, 1980లో గానీ సెనెటర్ కాలేదు. ఎడ్ రెండెల్ 1986లో గవర్నర్ ప్రైమరీలో, 1987లో మేయర్ ప్రైమరీలో వరసగా ఓడి, ఆ తర్వాతే మేయరూ గవర్నరూ అయ్యాడు.

ఇక 2017. నువ్వు దాన్ని ప్రభంజనం అన్నావు. లెక్క చూడు. ఫిలడెల్ఫియాలో డెమోక్రాట్లదే పైచేయి గనుక మే నెల ప్రైమరీయే అసలు ఎన్నిక. ఏడుగురు పోటీ పడితే క్రాస్నర్‌కు వచ్చింది సుమారు 38 శాతం. ఓటేసినవాళ్లే తక్కువ. అంటే ఓట్లు చీలిన పోటీలో గట్టిగా కూడగట్టుకున్న ఒక వర్గం గెలిపించిన ఎన్నిక అది. ఆ కుర్చీకి దారి ఎలా తెరుచుకుందో కూడా చెప్పు. అప్పటి అటార్నీ సెత్ విలియమ్స్ పుచ్చుకున్న కానుకలను ఆస్తుల ప్రకటనలో చూపకుండా దాచాడు. ఫిబ్రవరిలో మళ్లీ పోటీ చేయనన్నాడు, జూన్‌లో లంచం కేసులో నేరం ఒప్పుకున్నాడు, ఐదేళ్ల శిక్ష పడింది. డబ్బు దగ్గరా జాగ్రత్త. ఒక మనిషి అభ్యర్థికి నేరుగా ఇచ్చే చందాకు నగరంలో ఏటా పరిమితి ఉంది. అభ్యర్థితో సంబంధం లేకుండా విడిగా ఖర్చు పెట్టే కమిటీకి ఆ పరిమితి లేదు. అమెరికా కోటీశ్వరుడు జార్జ్ సోరోస్ డబ్బు పది లక్షల డాలర్లకు పైగా ఆ రెండో దారిలో వచ్చింది. ‘సోరోస్ క్రాస్నర్‌కు ఇచ్చాడు’ అని నువ్వు రాసినది తప్పు. తప్పును తప్పుగా ఉంచితే ఆయన మిత్రులూ శత్రువులూ ఇద్దరూ నీ పుస్తకం పక్కన పెట్టేస్తారు.

పదవి చేపట్టిన తొలి వారాలే నీ పుస్తకానికి గుండెకాయ. 2018 జనవరి 5న ఆఫీసులో 31 మందిని తీసేశాడు. ఫిబ్రవరిలో కిందివాళ్లకు కొన్ని పేజీల మెమో ఇచ్చాడు. గంజాయి దగ్గర ఉంచుకున్నందుకు కేసు పెట్టొద్దు. దుకాణంలో 500 డాలర్ల లోపు దొంగతనాన్ని, పాత చరిత్ర పెద్దగా లేకపోతే, అతి చిన్న నేరంగా చూడండి. నేరం ఒప్పుకునే ఒప్పందాల్లో శిక్షా మార్గదర్శకాల కన్నా తక్కువ అడగండి. జైలుశిక్ష కోరితే దానికి ప్రజల సొమ్ము ఎంత ఖర్చవుతుందో జడ్జి ముందు చెప్పండి. ఆ మెమోను పక్కన పెట్టుకుని ఒక్కో ఆదేశానికి ఒక్కో కేసు వెతుకు. అధ్యాయం దానంతటదే నిలబడుతుంది.

బెయిల్ గురించి రాసిన పేరా మొత్తం తిరగరాయాలి. ‘డబ్బు బెయిల్ రద్దు చేశాడు’ అన్నావు. రద్దు చేసే అధికారం ఆయనకు లేదు. బెయిల్ నిర్ణయించేది మేజిస్ట్రేట్. 25 రకాల చిన్న నేరాల్లో తన ప్రాసిక్యూటర్లు డబ్బు బెయిల్ అడగరని మాత్రమే ఆయన ప్రకటించాడు. మన జామీనుదారుల పద్ధతి అక్కడ ఉండదని కూడా పాఠకుడికి చెప్పు. లక్ష డాలర్ల బెయిల్ అంటే, 10 శాతం, అంటే పది వేలు కోర్టులో కడితే బయటికొస్తాడు. ఆ పది వేలు లేనివాడు లోపలే.

ఆ 31 మందిలో కార్లోస్ వేగా పేరు గుర్తుపెట్టుకో. 2021 ప్రైమరీలో క్రాస్నర్ మీద నిలబడింది ఆయనే. క్రాస్నర్‌కు మూడింట రెండు వంతుల దాకా ఓట్లొచ్చాయి. తీసేసిన మనిషే ఎదురు నిలబడటం నీలాంటి కథకుడికి దొరికిన వరం. నీ ప్రతిలో వేగా పేరే లేదు.

‘క్రాస్నర్ వచ్చాక హత్యలు పెరిగాయి’ అన్న వాక్యం నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. 2017లో 315 హత్యలు, 2021లో 562, 2024లో 269. పెరిగినప్పుడూ తగ్గినప్పుడూ కుర్చీలో ఉన్నది ఆయనే. 2020, 2021లో దేశమంతటా హత్యలు పెరిగాయి. ఈ అంకెలతో ఆయన్ని దోషిగానూ నిలబెట్టలేవు, ఘనుడిగానూ నిలబెట్టలేవు. ఆయన్ని కొలవాలంటే కేసులు చూడాలి. పెన్సిల్వేనియా కోర్టుల డాకెట్లు, అంటే ఒక్కో కేసులో ఏం జరిగిందో రాసి ఉంచే రికార్డులు, ఉచితంగా చూసుకోవచ్చు. ఎంసీ-51 తో మొదలయ్యే నంబరు మునిసిపల్ కోర్టుది, సీపీ-51 దానికి పైనున్న కామన్ ప్లీస్ కోర్టుది. 51 అంటే ఫిలడెల్ఫియా కౌంటీ. పెద్ద నేరం కేసు ప్రాథమిక విచారణ దాటి పైకి వెళ్తే కొత్త నంబరు పడుతుంది. రెండూ లెక్కపెడితే ఒక కేసు రెండవుతుంది. ‘విత్‌డ్రాన్’ అని ఉంటే ప్రాసిక్యూటర్ తనంతట తాను వెనక్కి తీసుకున్నట్టు. ‘డిస్మిస్డ్’ అంటే జడ్జి కొట్టేసినట్టు. సాక్షి వాయిదాలకు రాకపోయినా అలా జరుగుతుంది. ఈ రెంటినీ కలిపి ‘వదిలేసిన కేసులు’ అన్నావు. మొదటిదే ఆయన సంతకం. రెండోది ఆయన ఆఫీసు చేతగానితనమా, సాక్షి భయమా, పోలీసు రాకపోవడమా అన్నది ఫైలు ఫైలుకీ మారుతుంది. మూడు నాలుగు వందల డాకెట్లు చదివి రెండు గళ్లలో విడగొట్టు. విసుగు పుడుతుంది, అయినా చేయి. బాధితుల పేర్లు మాత్రం పుస్తకంలోకి తేకు.

క్రాస్నర్‌ను పదవి నుంచి తప్పించాలని రాష్ట్ర చట్టసభ తెచ్చిన అభిశంసనను కుట్ర అనీ అనకు, న్యాయం అనీ అనకు. తేదీలు పెట్టు. 2022 నవంబర్ 8న ఎన్నికలు జరిగి రాష్ట్ర దిగువ సభలో రిపబ్లికన్ల మెజారిటీ పోయింది. కొత్త సభ్యులు రాకముందే, నవంబర్ 16న, పాత సభ 107-85 ఓట్లతో క్రాస్నర్‌ను అభిశంసించింది. దాని మీద ఎగువ సభ సెనేట్‌లో జరగాల్సిన విచారణ 2023 జనవరిలో నిరవధికంగా వాయిదా పడింది. అభిశంసించిన పాత సభ కాలపరిమితితోనే అభిశంసనా ముగిసిందని 2024 సెప్టెంబర్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన మీద మోపిన ఆరోపణలు నిజమా కాదా అని ఎవరూ విచారించనే లేదు. ఆ ఖాళీని ఖాళీగానే చూపించు. 2025లో ఆయన మూడోసారి గెలిచాడు.

ఈసారి 2018 జనవరి, ఫిబ్రవరి నెలల అధ్యాయం ఒక్కటే పంపు. ప్రతి కేసు పక్కన మార్జిన్‌లో డాకెట్ నంబరు రాయి. నేనూ తెరిచి చూస్తాను.

నీ అన్న