పన్ను నొప్పికి ఎమర్జెన్సీకి ఎవరు పోతారు?

అమెరికాలో పేదల ఆరోగ్య పథకంలోంచి పళ్ళ వైద్యం తీసేస్తే ఆస్పత్రుల ఎమర్జెన్సీ మీద భారం పడుతుందంటున్నారు, అసలు పన్ను నొప్పికి ఎమర్జెన్సీకి ఎవరు పోతారు అని ఒకరు అడిగారు. పోతారండీ. నల్గొండలో స్టాఫ్ నర్సుగా క్యాజువాలిటీ నైట్ డ్యూటీలు ఏళ్ళ తరబడి చేశాను.

ఒక రాత్రి రెండు గంటలప్పుడు మర్రిగూడ వైపు నుంచి ఒకాయన వచ్చారు, దవడ కింద నుంచి నెత్తి మీదికి తువ్వాల కట్టుకుని, దగ్గరికెళ్తే లవంగం నూనె వాసన. "ఇరవై రోజులాయె మేడమ్, ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీలు ఏసుకుంటే తగ్గుతది, మళ్ళ లేస్తది" అంది భార్య. నోట్లో వేలు పట్టడం లేదు. మెడ దాకా చెక్కలా గట్టిపడిన వాపు, ఉమ్మి మింగలేక కవర్లో ఊస్తున్నారు. పన్ను చీము మెడలోకి దిగితే ఊపిరే ఆగిపోవచ్చు. సెలైన్, యాంటీబయాటిక్ పెట్టి 108లో ఉస్మానియాకి పంపాం. మొదట్లోనే పీకించుకుంటే అరగంట పని అది!

క్యాజువాలిటీలో మా దగ్గర డెంటల్ కుర్చీ లేదు, రాత్రిపూట పళ్ళ డాక్టరూ ఉండరు. నొప్పికి ఇంజక్షన్ ఇచ్చి పంపిస్తాం, పుచ్చు మాత్రం అట్లనే ఉంటుంది కాబట్టి మనిషి మళ్ళీ వస్తాడు.

అమెరికాలోనూ ఇదే కథ. మెడికెయిడ్‌లో (అదే ఆ పేదల ఆరోగ్య పథకం) పిల్లల పళ్ళకు వైద్యం తప్పనిసరి, పెద్దలకు ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రం ఇష్టం, అందుకే డబ్బు కటకట వస్తే కత్తెర ముందు దాని మీదే పడుతుంది. కాలిఫోర్నియా 2009 జులైలో పెద్దవాళ్ళకు చాలా వరకు తీసేసింది. 2015లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క ప్రకారం దానివల్ల ఎమర్జెన్సీకి పళ్ళ బాధలతో వచ్చేవాళ్ళు ఏడాదికి 1,800 మందికి పైగా పెరిగారు, ఖర్చూ పెరిగింది. చివరికి 2014లో కొంత, 2018లో మిగతాది తిరిగి ఇచ్చారు.

మన దగ్గర కోత అనే మాటే లేదు, ఎందుకంటే ఆరోగ్యశ్రీ పెట్టిందే పెద్ద జబ్బులకు, ఆపరేషన్లకు. పుచ్చు పన్ను దశలోనే చూపించుకోవడానికి కూలికి పోయేవాళ్ళు ఒక రోజు కూలి వదులుకోవాలి, అందుకే గోలీలతో నెట్టుకొస్తారు. వాళ్ళను తప్పు పట్టలేను.

మీ ఇంట్లో ఎవరికైనా పన్ను నొప్పితో పాటు దవడ కింద వాపు, జ్వరం, నోరు తెరుచుకోకపోవడం ఉంటే తెల్లారేదాకా ఆగకండి. ఉత్త నొప్పే అయితే పగటిపూట డెంటల్ కాలేజీ ఓపీకి తీసుకెళ్ళండి, బయటి క్లినిక్కుల కన్నా చాలా తక్కువలో అవుతుంది.