దోహా సైటుకు పోతున్న అల్లుడికి

గోదావరిఖని

అల్లుడూ,

నెబోష్ సేఫ్టీ పరీక్ష పాసయ్యావని, దోహాలో సేఫ్టీ ఇంజనీరుగా ఆఫర్ వచ్చిందని అక్క ఫోన్ చేసింది. సంతోషం. పనిచోటి భద్రతకున్న ఐఎస్ఓ 45001 ప్రమాణం గురించి నీకు నేను చెప్పేదేమీ లేదు. సైటులో పనికొచ్చేవి కొన్ని రాస్తున్నా.

నువ్వు చేరేది జూన్‌లో. ఆ నెల 1 నుంచి సెప్టెంబరు 15 దాకా అక్కడ పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదు. 2021లో తెచ్చిన రూలు. డబ్ల్యూబీజీటీ మీటరు 32.1 డిగ్రీలు దాటితే ఏ టైములోనైనా పని ఆపాల్సిందే. 'మా రామగుండంలో 45 చూశాం, ఇదెంత' అనుకునేవు. అది మామూలు థర్మామీటరు లెక్క కాదు. తేమ, ఎండ, గాలి అన్నీ కలిసిన లెక్క. సముద్రం పక్కన ఉక్కపోతకు చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు. ఎండలు మనకు అలవాటేనన్న ధీమాతోనే మనవాళ్లు అక్కడ పడిపోతారు. కొత్తగా వచ్చినవాడికి మొదటి రోజు ఐదో వంతు పనే ఇచ్చి, రోజుకింత పెంచు. ఫోర్‌మన్ గొణుగుతాడు. గొణగనీ.

కళ్లు తిరుగుతున్నాయని ఎవడూ వచ్చి చెప్పడు. జగిత్యాల వాడైనా, సిరిసిల్ల వాడైనా, నేపాల్ వాడైనా, ఏజెంటుకు కట్టడానికి మిత్తికి తెచ్చిన అప్పు నెత్తిమీద ఉంటుంది. ఒక పూట జీతం పోతుందేమోనని దాస్తాడు. "బాగున్నవా" అంటే "బాగున్న సార్" అంటాడు. "పొద్దుటి నుంచి ఎన్నిసార్లు ఒంటికి పోయినవ్, ఏ రంగులో వచ్చింది" అని అడుగు, సిగ్గుపడకు. ముదురు పసుపు అంటే నీడకు పంపి నీళ్లు తాగించు. టాయిలెట్ దూరంగా ఉంటే మనిషి నీళ్లు తాగడమే తగ్గిస్తాడు, ఎన్ని క్యాన్లు పెట్టినా అంతే. అందుకే కొత్త సైటుకు పోతే నేను ముందు చూసేది టాయిలెట్ ఎంత దూరముందని.

పర్మిట్, అంటే ప్రమాదమున్న పని మొదలుపెట్టే ముందు ఇచ్చే అనుమతి కాగితం మీద ఏసీ రూములో కూర్చుని సంతకం పెట్టకు. ట్యాంకులోకో మ్యాన్‌హోల్‌లోకో మనిషిని దింపే ముందు పైన, నడుమ, అడుగున మూడు చోట్లా నీ కళ్లముందు గ్యాస్ టెస్ట్ చేయించు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువు, అడుగున చేరుతుంది. వాసనొస్తే తెలుస్తుందిలే అనుకోవద్దు, మోతాదు పెరిగితే ముక్కుకు వాసనే తెలియదు. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గినా, 23.5 దాటినా దింపొద్దు. మన ఊళ్లలో పాత బావి పూడిక తీయడానికి దిగినవాడు పడిపోతే, కాపాడబోయి ఇంకొకడు పోవడం నువ్వూ వినే ఉంటావు. ట్యాంకుల్లోనూ అంతే. పైన నిలబడేవాడికి ముందే గట్టిగా చెప్పు: కిందివాడు పడిపోతే నువ్వు దిగొద్దు, వించ్‌తో (తాడు చుట్టే మరతో) లాగు, రెస్క్యూ టీమును పిలువు. మూడు కాళ్ల ట్రైపాడ్, దానికి వించ్ బిగించి ఉన్నాయో లేదో చూశాకే సంతకం.

హెల్మెట్ లేదని ఫైన్ వేయడం సులువే. కానీ ఫైన్లు మొదలైన సైటులో చిన్న దెబ్బలు రిజిస్టరుకెక్కవు. గేటు దగ్గర 'ప్రమాదాలు సున్నా' అని పెద్ద బోర్డు కనిపిస్తే నాకు అనుమానమే.

కాంక్రీటు ఆగిపోతుందని ప్రాజెక్ట్ మేనేజరు ఒత్తిడి తెస్తాడు. వాదన పెట్టుకోకు. పని ఆపిన టైము, కారణం, ఫొటో మెయిల్‌లో పెట్టు. మెయిల్ చూశాక చాలామంది దారికొస్తారు.

క్యాంపులో రాత్రి మన తెలుగోళ్లతోనే కాకుండా నేపాలీలతో, బంగ్లావాళ్లతో కూడా కూర్చుని తిను. సైటులో చెప్పనివి అన్నం దగ్గర చెప్తారు. హిందీ కొంచెం మెరుగుపరుచుకో.

ఆదివారం ఇంటికి రా. పర్మిట్ ఫారాలు రెండు నింపి చూద్దాం.

మీ మామ