లంక గ్రామంలో ముత్తాత కట్టిన ఇల్లు: పాత చరిత్రతో వాటా రుజువవుతుందా?

ప్రశ్న: కోనసీమలోని ఒక లంక గ్రామంలో మా ముత్తాత కట్టించిన మండువా ఇల్లు ఉంది. కట్టి వందేళ్లు దాటిందని ఊళ్లో పెద్దలు చెబుతారు. ముత్తాత పోయాక 1962లో మా తాతగారు, ఆయన తమ్ముడు పొలాలు పంచుకుని, ఇల్లు తాతగారి వాటాకు వచ్చినట్లు ఒక కాగితం రాసుకున్నారు. అది రిజిస్టరు కాలేదు. తాతగారు 1974లో, నాయనమ్మ 1981లో, మా నాన్నగారు 1992లో కాలం చేశారు. ఇప్పుడు అమ్మ కూడా లేదు. వారికి నేనొక్కదాన్నే సంతానం. పెదనాన్న కుటుంబమే ఆ ఇంట్లో ఉంటూ పన్ను కడుతోంది. మేనత్త ఉన్నారు. పెదనాన్న 2019లో ఇల్లు మొత్తం తన కొడుకు పేర గిఫ్టు డీడ్ రాశారని ఈమధ్యే తెలిసింది. అన్నయ్య ఇప్పుడు టేకు స్తంభాలు, సింహద్వారం విప్పి అమ్మడానికి బేరం పెట్టాడు. అడిగితే, లంకలో ఎవరికీ పట్టాలు ఉండవనీ, ముప్పై ఏళ్లుగా తామే ఉంటున్నారు కాబట్టి ఇల్లు తమదేననీ అంటున్నాడు. ఇంటి చరిత్ర రుజువు చేస్తే నాకు హక్కు వస్తుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఇల్లు వందేళ్లదా, ఎనభై ఏళ్లదా అన్న విచారణతో కోర్టుకు పెద్దగా పని ఉండదు. ముత్తాత తర్వాత ఒక్కొక్కరు కాలం చేసిన నాటికి ఆ ఇల్లు ఎవరికి, ఏ హోదాలో సంక్రమించిందన్నదే న్యాయస్థానం పరిశీలిస్తుంది. కాబట్టి మీరు సేకరించవలసిన చరిత్ర ఇంటి కట్టడానిది కన్నా, అది చేతులు మారిన క్రమానిది. ఆ క్రమంలో రుజువు చేయవలసిన మొదటి మెట్టు ముత్తాత నుంచి తాతగారికి, రెండవది తాతగారి నుంచి ఆయన పిల్లలకు, మూడవది నాన్నగారి నుంచి మీకు. మూడవ మెట్టుకు మరణ ధ్రువపత్రాలు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం దాదాపుగా సరిపోతాయి. శ్రమంతా మొదటి రెండింటి దగ్గరే.

ముందుగా లంక అన్న మాటతో మిమ్మల్ని బెదిరించిన విషయం చూద్దాం. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయల నడుమ ఇసుక, ఒండ్రు మేటవేసి ఏర్పడిన లంకల్లో ప్రభుత్వం కౌలుకిచ్చే సాగుభూములు, నదీగర్భపు పోరంబోకు ఉన్న మాట నిజమే. కానీ జనం ఇళ్లు కట్టుకుని కాపురముంటున్న గ్రామకంఠం వేరు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం రెండవ సెక్షన్ నదీగర్భాన్ని, ఎవరికీ చెందని భూములను ప్రభుత్వ ఆస్తిగా చెబుతూనే, సొంతదారులున్న ఇళ్ల స్థలాలను, పెరళ్లను దాని నుంచి మినహాయించింది. గ్రామకంఠంలోని ఇంటికి పట్టా లేకపోవడం వింతేమీ కాదు. అక్కడ ఏ ఇంటికీ సాధారణంగా రైతువారీ పట్టా ఉండదు. పైగా పట్టా లేని లోపం నిజంగా లోపమే అయితే, అదే ఇంటిని అదే లోపంతో గిఫ్టుగా పుచ్చుకున్న మీ అన్నయ్యగారికి కూడా అది వర్తించాలి కదా. మీరు తహసీల్దారు కార్యాలయంలో ఆర్.ఎస్.ఆర్. (సర్వే నంబర్ల వారీగా భూమి వర్గీకరణ ఉండే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) నకలు తీసుకుని, ఇల్లున్న సర్వే నంబరు గ్రామకంఠంగా నమోదై ఉందో, గోదావరి పోరంబోకుగా ఉందో చూడండి. ఏటిగట్టుకు వెలుపలి లంకల్లో ఈ తేడా ప్రాణప్రదమైనది. 1953, 1986 వంటి పెద్ద వరదల తర్వాత ఇల్లు కొంత జరిపి కట్టుకున్నవారు ఉన్నారు గనుక, ఇప్పుడున్న ఇల్లు పాత స్థలంలోనే ఉందా అన్నది కూడా ఊరి పెద్దలను అడిగి తెలుసుకోవాలి. పాత దస్తావేజులో హద్దుగా 'గోదావరి' అని ఉంటే ఆ ఒక్క హద్దును నమ్ముకుని కొలతలు వేయకండి. నది ఒడ్డు కోసుకుపోతూనో, మేటవేస్తూనో ఉంటుంది.

ఇక 1962 నాటి కాగితం. అప్పటికే నోటిమాటగా జరిగిపోయిన పంపకాన్ని జ్ఞాపకార్థం రాసుకున్న జాబితా అయితే దానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదు. ఆ కాగితంతోనే పంపకం జరిగినట్లు రాసి ఉంటే మాత్రం, రిజిస్టరు కానందున అది హక్కుపత్రంగా చెల్లదు. అయినా స్టాంపు సుంకం, జరిమానా చెల్లించిన మీదట, అన్నదమ్ములు వేరుపడ్డారని, ఇల్లు తాతగారి అధీనంలోకి వచ్చిందని చూపే పరిమిత ప్రయోజనానికి కోర్టు దాన్ని పరిశీలించవచ్చు. ముప్పై ఏళ్లు దాటిన అసలు పత్రం, ఉండవలసిన వారి దగ్గరి నుంచే వచ్చినప్పుడు, దానిపై సంతకాలు ఆయా వ్యక్తులవేనని కోర్టు భావించే వీలు పూర్వపు సాక్ష్య చట్టం 90వ సెక్షన్‌లో ఉండేది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో అది 92వ సెక్షన్. అయితే ఆ భావన సంతకాల వరకే పరిమితం, అందులో రాసినదంతా నిజమని కాదు. కాగితం అసలు ప్రతి మీ దగ్గర ఉంటే ఎవరికీ చేతికివ్వకండి.

దీనికన్నా విలువైన పత్రం ఒకటి మీరింకా చూసినట్లు లేదు. 2019 గిఫ్టు డీడ్ సర్టిఫైడ్ కాపీని సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో వెంటనే తీసుకోండి. స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటవ పుస్తకం నుంచి నకలు ఎవరైనా పొందవచ్చు. తనకు ఇల్లు ఎలా వచ్చిందో పెదనాన్న అందులో రాయక తప్పదు. ఇలాంటి దస్తావేజుల్లో ఎక్కువగా కనిపించేది 'మా పిత్రార్జితముగా సంక్రమించి' అన్న మాటే, అది ఉంటే మీ పని సగం తేలికవుతుంది, ఎందుకంటే ఇల్లు తన స్వార్జితమని ఇకపై వారు చెప్పడం కష్టం. ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కంప్యూటర్లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందటివి చేత్తో రాసిన సూచికల్లో వెతికించాలి, అప్పట్లో ఇంటి నంబర్లకన్నా హద్దులే రాసేవారు కాబట్టి ముత్తాత, తాతగార్ల పేర్లతో వెతికించండి. పక్కింటివారి పాత దస్తావేజుల్లో 'ఉత్తరం: ఫలానా వారి ఇల్లు' అని మీ తాతగారి పేరు కనిపిస్తే అదీ ఉపకరిస్తుంది, కానీ ఇతరుల పత్రాల్లోని హద్దులకు కోర్టులు ఇచ్చే బరువు తక్కువ. పంచాయతీ ఇంటి పన్ను డిమాండు రిజిస్టర్లలో పేరు తాతగారి నుంచి పెదనాన్నకు ఏ సంవత్సరంలో, ఏ దరఖాస్తుపై మారిందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. పన్ను రసీదు హక్కుపత్రం కాదు గానీ, పేరు మారిన తీరు చాలా చెబుతుంది.

మొదటి మెట్టు నిలిస్తే వాటాల లెక్క సూటిగానే ఉంటుంది. తాతగారి పిల్లల మధ్య రిజిస్టరైన పంపకం గానీ డిక్రీ గానీ, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ గడువుగా పెట్టిన 2004 డిసెంబరు 20కి ముందు లేకపోతే, ఇల్లు ఇంకా వారి ఉమ్మడి ఆస్తే. ఆ సవరణ ప్రకారం కూతురూ పుట్టుకతో సమాన హక్కుదారు అనీ, అది అమలులోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి జీవించి ఉండనక్కరలేదనీ వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తీర్పు చెప్పింది. అందువల్ల పెదనాన్న శాఖకు, మీకు, మేనత్తగారికి తలా మూడో వంతు రావాలి. పూర్వం నివాసగృహంలో పంపకం కోరకుండా ఆడవారిని ఆపిన అదే చట్టం 23వ సెక్షన్‌ను కూడా 2005లోనే తొలగించారు.

ఉమ్మడి ఆస్తిలో తన అవిభక్త వాటాను ఇతర సభ్యుల సమ్మతి లేకుండా దానమివ్వడం చెల్లదని తమ్మా వెంకట సుబ్బమ్మ కేసులో సుప్రీంకోర్టు 1987లో స్పష్టం చేసింది. మీ మూడో వంతును పెదనాన్న ఇవ్వగలిగే ప్రసక్తే లేదు. మీరు ఆ దస్తావేజుపై సంతకం చేయలేదు గనుక దాని రద్దు కోరడం కన్నా, అది మీ వాటాపై చెల్లదన్న ప్రకటన కోర్టు నుంచి కోరడం మేలు.

ముప్పై ఏళ్ల నివాసం గురించి. పన్నెండేళ్ల అనుభవంతో హక్కు వస్తుందన్న సూత్రం బయటివారి విషయంలో చెప్పినంత తేలికగా సహవాటాదారుల విషయంలో చెల్లదు. ఒక వారసుడి స్వాధీనం అందరి తరఫునా ఉన్నట్లే లెక్క. మిగతావారి హక్కును వారికి తెలిసేలా బాహాటంగా కాదంటేనే ఆ గడువు మొదలవుతుందని పి. లక్ష్మీరెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1956లోనే తేల్చింది. ఇంట్లో ఉండటం, పన్ను కట్టడం దానికి చాలవు. అయితే 2019 గిఫ్టును, ఇప్పుడు మీ ముఖాన చెప్పిన మాటను అలాంటి నిరాకరణగా రేపు వాదిస్తారు. అందుకే ఆలస్యం తగదు.

అన్నిటికన్నా తొందర పడవలసింది స్తంభాల విషయంలో. గోడలోంచి విప్పి లారీకెక్కించిన సింహద్వారాన్ని ఏ డిక్రీ తిరిగి నిలబెట్టలేదు. ఆస్తి ఉన్న ప్రాంతపు సివిల్ కోర్టులో పంపకం దావా వేసిన రోజే, ఇంటిని ఉన్నదున్నట్లు ఉంచాలని తాత్కాలిక ఇంజంక్షన్ పిటిషను, ఇంట్లో ఏయే స్తంభాలు, తలుపులు, దూలాలు ఉన్నాయో నమోదు చేయడానికి అడ్వకేట్ కమిషనర్‌ను నియమించమని మరో పిటిషను వేయించండి. దూలంపై చెక్కిన సంవత్సరం ఏదైనా ఉంటే కమిషనర్ నివేదికలో అదీ చేరుతుంది. చెక్కడపు ద్వారం నిజంగా వందేళ్లు దాటినదైతే 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి రావచ్చు, అలాంటివాటితో వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. బేరమాడుతున్న వ్యాపారికి నోటీసులో ఈ మాట రాయించడం మంచిదే. వయసును బట్టి మాత్రమే ఇల్లు రక్షిత కట్టడం కాదు, దానికి ప్రభుత్వ ప్రకటన కావాలి.

దావాలో పెదనాన్న, ఆయన కుమారుడితో పాటు మేనత్తగారిని కూడా తప్పక పక్షంగా చేర్చండి. ఆమె మీతో కలిసి వాదిగా రాకపోతే ప్రతివాదిగానైనా చూపాలి. వాటాదారులందరూ లేని పంపకం దావా ఆ ఒక్క కారణంతోనే కొట్టివేతకు గురికావచ్చు. ఆమె వాటా వదులుకుంటున్నట్లు మాట ఇచ్చారని ఎవరైనా చెబితే, రిజిస్టరైన విడుదల దస్తావేజు చూపమనండి.