వీబీఎస్‌కి (వేసవి సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్‌ బడికి) ఇరవై మంది వస్తారు, జూన్‌ దాటితే ముగ్గురే మిగులుతారు. సండే స్కూల్‌ టీచర్లు నిలవాలంటే ఏం చేయాలి?

అరవై మంది పిల్లలు, ముగ్గురు టీచర్లు, అందులో ఒకరు పాస్టరమ్మ గారు. మే నెలలో వీబీఎస్‌ అంటే ఇరవై మంది యూత్‌ ముందుకొస్తారు, బడులు తెరిచాక ఒక్కరూ కనబడరు. మీరడిగింది ఇదే కదా.

"ఈ కాలం యూత్‌కి దేవుని పని మీద భారం లేదు" అని సంఘ పెద్దలు అంటుంటారు. మండుటెండల్లో వారం పది రోజులు పొద్దున్నే వచ్చి గొంతు పోయేదాకా యాక్షన్‌ సాంగ్స్‌ పాడించేది ఆ యూతే కాబట్టి ఆ మాట నిలవదు. తేడా పనిలో ఉంది. వీబీఎస్‌కి మొదలు, ముగింపు ఉంటాయి. ఎవరి పని ఏమిటో ముందే తెలుస్తుంది, పుస్తకం చేతికొస్తుంది, చార్టులకి సంఘమే డబ్బిస్తుంది. సండే స్కూల్లో ఇవేవీ ఉండవు. ఒకసారి సరేనంటే పెళ్లయి ఊరు మారేదాకా వదిలిపెట్టరని అందరికీ తెలుసు. అందుకే అడగబోతున్నారని పసిగట్టగానే తప్పుకుంటారు.

ముందు ఎంతమంది కావాలో కాగితం మీద లెక్క వేయండి. అరవై మందిని 3–5, 6–8, 9–11, 12–14 ఏళ్లుగా విడదీస్తే నాలుగు క్లాసులు. ఒక్కో క్లాసుకి పాఠం చెప్పేవారు ఒకరు, పక్కన సహాయకులు ఒకరు, మొత్తం ఎనిమిది మంది. గుమ్మం దగ్గర హాజరు వేసి, పిల్లల్ని తల్లిదండ్రులకే అప్పగించడానికి ఒకరు. పాటలకి ఒకరు. ఎవరైనా రాకపోతే ఆదుకోవడానికి ముగ్గురు. అంటే పదమూడు మంది. "ఎవరైనా రండి" అంటే ఎవరూ రారు గానీ, "ఇంకా తొమ్మిదేళ్ల పిల్లల క్లాసుకి ఒక సహాయకుడు కావాలి" అంటే ఆ ఖాళీ ఎవరిదో కళ్ల ముందు కనిపిస్తుంది.

తర్వాత గడువు. మన బడి క్యాలెండర్‌కి సరిపోయేలా ఏడాదిని మూడు ముక్కలు చేయండి: జూన్‌ మూడో ఆదివారం నుంచి దసరా దాకా, దసరా నుంచి క్రిస్మస్‌ దాకా, జనవరి నుంచి మార్చి దాకా. ప్రతి ముక్క చివర మానేసే స్వేచ్ఛ ఉండాలి, మానేసినవాళ్లని ఎవరూ నిలదీయకూడదు. పది, ఇంటర్‌ చదివేవాళ్లని మూడో ముక్కకి అసలు లెక్కలోకే తీసుకోకండి. పరీక్షల కాలంలో వాళ్లు రాకపోతే అది మాట తప్పడం కాదు, మీరు లెక్క తప్పడం.

మనుషుల్ని వెతకాల్సింది వీబీఎస్‌ మూడో రోజు, నాలుగో రోజు. మైకు పట్టుకుని బాగా పాడేవాళ్ల మీద కాదు మీ చూపు ఉండాల్సింది. ఏడుస్తున్న చిన్నపిల్లని పక్కకి తీసుకెళ్లి ఊరుకోబెట్టింది ఎవరు? పిల్లలు వెళ్లాక నేలమీది కాగితం ముక్కలు ఊడ్చింది ఎవరు? అయిదారు పేర్లు రాసుకోండి. ముగింపు కూడికలో అందర్నీ స్టేజీ ఎక్కించి "సండే స్కూల్‌కి ఎవరు వస్తారు, చేతులెత్తండి" అనకండి. ఆ వేడిలో ఎత్తిన చేతులు నెల తిరక్కుండానే దిగిపోతాయి. వారం లోపు ఇంటికి వెళ్లి అడగండి.

యూత్‌ ఒక్కటే చాలదు. చదువులకీ ఉద్యోగాలకీ హైదరాబాద్‌, బెంగళూరు వెళ్లిపోయేది వాళ్లే. రిటైరైన బడి టీచర్లు, అంగన్‌వాడీలో పనిచేసిన అక్కలు, పిల్లలు కాస్త ఎదిగిన తల్లులు, స్త్రీల కూడికలో ఊరికే కూర్చోలేని ఇద్దరు ముగ్గురు, వీళ్లే ఏళ్ల తరబడి నిలిచేవాళ్లు. పాఠం చెప్పే బాధ్యత వీళ్లకిచ్చి, యూత్‌ని సహాయకులుగా పెట్టండి.

ప్రకటనల సమయంలో పాస్టర్‌ గారు "భారం ఉన్నవారు పేర్లు ఇవ్వండి" అనడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. మనిషిని చూసి, పనిని కొలిచి అడగాలి. ఇలా: "వదినా, జూన్‌ నుంచి దసరా దాకా, ఆరేడేళ్ల పిల్లల క్లాసు. కథ చెప్పే పని లేదు, హాజరు, రంగులు పంచడం, బైబిల్‌ వాక్యం వల్లె వేయించడం. నెలకి రెండు ఆదివారాలు. దసరా అయ్యాక చాలనుకుంటే చెప్పేయొచ్చు." నెలకి రెండే అనడానికి కారణం ఉంది. ఆదివారం పొద్దున టిఫిను, కూర అన్నీ ముగించుకుని ఎనిమిదిన్నరకి గుడిలో ఉండటం ఇంటి ఆడవాళ్లకి ఎంత కష్టమో మగ సంఘ పెద్దలకి గుర్తుండదు. అందుకే సహాయకుల చోటుకి ఇద్దరిని మార్చి మార్చి వేయండి, అంటే ఆ పదమూడు మందికి ఇంకో నలుగురు తోడవుతారు. పాఠం చెప్పేవారు మాత్రం ప్రతి వారం ఒక్కరే ఉండాలి, చిన్నపిల్లలకి తెలిసిన ముఖం కావాలి. ఆడపిల్లల్ని అడిగేటప్పుడు టీచర్ల మీటింగు ఎన్నింటికి ముగుస్తుందో వాళ్ల అమ్మానాన్నలకీ చెప్పండి.

ఒప్పుకున్నవాళ్లని వెంటనే క్లాసులోకి తోసేయకండి. మొదటి ఆదివారం వెనక కూర్చుని చూడాలి. రెండో ఆదివారం హాజరు, కంఠత వాక్యం. మూడో ఆదివారం అయిదు నిమిషాల కథ. ఆ తర్వాత "మీకు కుదురుతుందా?" అని అడగాలి. ఇద్దరికీ గౌరవంగా తప్పుకునే దారి అక్కడ ఉంటుంది.

టీచర్లు ఎందుకు మానేస్తారో అడిగితే "టైం లేదు" అంటారు. లోపల ఉండే కారణం చాలాసార్లు వేరు. సండే స్కూల్‌, ఆరాధన ఒకే సమయంలో జరిగితే టీచర్‌కి నెలల తరబడి వాక్యం వినే అవకాశం ఉండదు, సంస్కారం (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే) ఆదివారం కూడా పిల్లలతోనే గడిచిపోతుంది. విశ్వాసి అలా ఎంతకాలం ఉండగలడు? వీలైతే సండే స్కూల్‌ 8:30 నుంచి 9:30 దాకా, ఆరాధనకి ముందే పెట్టండి. వీలుకాకపోతే సంస్కారం ఆదివారం క్లాసులు ఆపి పిల్లల్ని తల్లిదండ్రుల పక్కన కూర్చోబెట్టండి. పాస్టర్‌ గారు నెలకోసారి టీచర్లతో మాత్రమే అరగంట కూర్చుని వాక్యం చెప్తే ఇంకా మంచిది.

రెండో కారణం డబ్బు, దీన్ని ఎవరూ నోరు తెరిచి చెప్పరు. అరవై మందికి అయిదు రూపాయల బిస్కెట్‌ ప్యాకెట్లు అంటేనే వారానికి 300. దాని మీద చార్టులు, స్కెచ్‌ పెన్నులు, బహుమతులు. డిగ్రీ చదివే అమ్మాయి తన జేబులోంచి పెట్టి, బిల్లు అడగడానికి సిగ్గుపడి, మూడో నెలలో కనబడకుండా పోతుంది. నెల మొదట్లోనే ఖర్చుకి డబ్బు ముందుగా ఇచ్చి, చిన్న పుస్తకంలో లెక్క రాయించండి. ఏటా శాలువా కప్పడం కన్నా ఇది ముఖ్యం. శాలువా వద్దని కాదు, రెండూ ఉండనివ్వండి.

పాఠం శనివారం రాత్రి చేతికొస్తే ఎవరికైనా విసుగే. వచ్చే నెల నాలుగు పాఠాలూ ఈ నెల చివరి ఆదివారమే ఇవ్వండి. గంటని ఇలా పంచితే కొత్తవాళ్లు తడబడరు: పాటలు 15 నిమిషాలు, ప్రార్థన, హాజరు 5, కథ 15, వాక్యం 10, రంగులు లేదా ఆట 15. చిన్నపిల్లల క్లాసులో కథ ఏడెనిమిది నిమిషాలు దాటకూడదు, మిగిలింది ఆటకి పోవాలి. కథ పుస్తకం చూసి చదివితే అల్లరి మొదలవుతుంది, టీచర్‌ "నావల్ల కాదు" అనుకునేది అప్పుడే. కంఠత వాక్యం కూడా ముక్కలుగా నేర్పించండి: "నీ వాక్యము నా పాదములకు దీపమును" వచ్చాకే "నా త్రోవకు వెలుగునై యున్నది".

మనుషులు తక్కువ ఉన్నారని రక్షణ విషయంలో మాత్రం సడలించకండి. కనీసం ఆరు నెలలుగా సంఘానికి తెలిసినవారే టీచర్‌ కావాలి. తలుపు తీసి ఉండాలి, గదిలో ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఇంటర్‌ సహాయకుడికి 18 నిండకపోతే అతను కూడా చట్టం దృష్టిలో పిల్లవాడే, ఆ ఇద్దరిలో లెక్కకు రాడు. బెత్తం వద్దు, పిల్లల ఫోటోలు వాట్సాప్‌ స్టేటస్‌లో వద్దు, ఒక్క పిల్లని బండి మీద దింపి రావడం వద్దు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్‌ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకి చెప్పాలి. చెప్పకపోతే 21వ సెక్షన్‌ కింద ఆరు నెలల దాకా జైలు, తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిన సంస్థ బాధ్యుడికైతే ఏడాది దాకా. "సంఘం పేరు పోతుంది, లోపలే సర్దుకుందాం" అనడం కుదరదని టీచర్లకీ పెద్దలకీ మొదటి మీటింగులోనే చెప్పండి. పిల్లల సహాయానికి ఫోన్‌ చేసే 1098 నంబరు గోడ మీద అంటించండి.

ఇక డిసెంబరు. నవంబరు నుంచే పాఠాలు పక్కకిపోయి, టీచర్లంతా క్రిస్మస్‌ ప్రోగ్రాం డాన్సులు, నాటిక, గొర్రెల కాపరుల దుస్తులు, దేవదూతల రెక్కలు, పిల్లవాడికి పాత్ర దక్కలేదని అలిగిన తల్లులు, వీటిలో కూరుకుపోతారు. జనవరిలో సగంమంది రారు. ప్రోగ్రాంకి వేరే జట్టు పెట్టండి. డాన్సులు యూత్‌ నేర్పొచ్చు, దుస్తులు తల్లులు చూసుకోవచ్చు. ఏడాదంతా దూరంగా ఉన్నవాళ్లు కూడా ఆ నెల పనికి వస్తారు, రానివ్వండి. టీచర్లకి క్లాసు ఒక్కటే ఉండాలి.

రాలేని టీచర్‌ శనివారం సాయంత్రం ఆరు లోపు ప్రత్యామ్నాయ జాబితాలోని వారికి తనే ఫోన్‌ చేయాలి, నిర్వాహకుడికి కాదు. వాట్సాప్‌ గ్రూపులో రోస్టర్‌, పాఠం తప్ప ఇంకేమీ రాకూడదు. గుడ్‌మార్నింగ్‌ వాక్యాలు మొదలైతే అసలు సందేశం ఎవరూ చదవరు. చెప్పకుండా వరసగా రెండు వారాలు రాకపోతే ఇంటికి వెళ్లండి. ఎవరో మాటన్నారని నొచ్చుకుని ఉండొచ్చు, అది ఫోన్‌లో బయటపడదు.

అంతమంది దొరకలేదనుకోండి. ఒక్కొక్కరితో నాలుగు క్లాసులు నడపకండి. 6–8, 9–11 కలిపి మూడు క్లాసులే పెట్టి, ఒక్కో దాంట్లో ఇద్దరిని ఉంచండి. అదీ కుదరకపోతే అందరికీ కలిపి పాటలు, కథ, ఆ తర్వాత రంగులు వేసేటప్పుడు మాత్రం రెండు గుంపులు. నలుగురితో అది నడుస్తుంది. దసరా నాటికి ఇంకో ఇద్దరు చేరితే మూడో క్లాసు తెరవొచ్చు.