సంతకం రాష్ట్రపతిది, సలహా ఎవరిది?

ప్రశ్న: ఆగస్టు 10న మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి గారి జయంతికి మా కాలేజీలో తెలుగు వక్తృత్వ పోటీ ఉంది. ఆయన పుట్టింది మా ఊళ్లోనే. అమ్మమ్మ ‘మహానుభావుడు’ అంటుంది. మామయ్యేమో ‘ఇందిరాగాంధీ ఏ కాగితం పంపితే దానిమీద సంతకం పెట్టాడు’ అంటాడు. ఎవరి మాట పట్టుకోవాలి?
– డిగ్రీ విద్యార్థిని, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: రెండు మాటలూ కాసేపు పక్కన పెట్టి ఒక తెల్లకాగితం మీద నిలువుగా మూడు గళ్లు గీయండమ్మా. మొదటి గడిలో తేదీ, చేసిన పని. రెండో గడిలో సలహా ఎవరిది. మూడో గడిలో, కాదనే వీలు ఆయనకుందా లేదా. అసలు తీర్పు ఆ మూడో గడిలోనే ఉంటుంది.

1969 జులై 19 తీసుకోండి. జాకిర్ హుస్సేన్ మే 3న కన్నుమూయడంతో గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్నారు. 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సుపై సంతకం పెట్టారు. ఆ సలహా మంత్రివర్గానిది. మర్నాడే రాజీనామా చేసి, కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డిపై స్వతంత్రుడిగా బరిలో నిలిచారు. పోటీ మాత్రం పూర్తిగా ఆయన సొంత నిర్ణయం. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపితే గానీ ఫలితం తేలలేదు: గిరి గారికి 4,20,077, రెడ్డి గారికి 4,05,427. ఒక్కరోజు తేడాతో జరిగిన ఈ రెండు పనులనూ ఒకే గడిలో రాస్తే లెక్క అక్కడే తప్పుతుంది.

మీ మామయ్య మాటకు బలమున్నది 1970 సెప్టెంబరులో. మాజీ సంస్థానాధీశులకు ప్రభుత్వం ఏటా ఇచ్చే సొమ్మును, అంటే రాజభరణాలను, రద్దు చేసే బిల్లు రాజ్యసభలో వీగిపోయింది. కొన్ని గంటల్లోనే ఆ సంస్థానాధీశుల గుర్తింపు రద్దు చేస్తూ రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పార్లమెంటులో నెగ్గని పనిని ఉత్తర్వుతో చేయమన్నప్పుడు ‘ఇంకోసారి ఆలోచించండి’ అనాల్సింది. ఇది మా అభిప్రాయం.

అయితే నేటి నిబంధనతో ఆయన్ని కొలవకండి. చాలామంది ఉపన్యాసకులు జారిపడేది ఇక్కడే. సలహా ప్రకారమే నడవాలన్న స్పష్టమైన మాట రాజ్యాంగంలోకి 1976లో 42వ సవరణతో వచ్చింది. ఒకసారి తిప్పిపంపే హక్కు 1978లో 44వ సవరణతో వచ్చింది. గిరి గారి పదవీకాలం 1974 ఆగస్టు 24కే ముగిసింది.

అమ్మమ్మ మాటకు ఆధారం కావాలంటే 1954కు వెళ్లండి. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును (అవార్డును) ప్రభుత్వం మార్చిందని కేంద్ర కార్మిక మంత్రి పదవినే వదులుకున్నారు. ఆ పని ఎవరి సలహా ఖాతాలోనూ పడదు.

ప్రశ్న: మంత్రివర్గం రాష్ట్రపతికి ఇచ్చిన సలహా రహస్యం కదా! మరి ఎవరేం చెప్పారో చరిత్రకారులకు ఎలా తెలుస్తుంది?
– ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: మంత్రులు రాష్ట్రపతికి ఏం సలహా ఇచ్చారో విచారించకూడదనే రాజ్యాంగ అధికరణం 74(2) అడ్డు చెప్పేది కోర్టులకు, చరిత్రకారులకు కాదు. కోర్టులు కూడా సలహాకు ఆధారమైన కాగితాలను చూడవచ్చని 1994లో, రాష్ట్రాల్లో రాష్ట్రపతి పాలనపై సుప్రీంకోర్టు తీర్పిచ్చిన బొమ్మై కేసులో తేలింది.

1975 జూన్ 25 రాత్రి సంగతి చూడండి. మంత్రివర్గంలో చర్చించకుండానే ఎమర్జెన్సీ ప్రకటించమన్న ప్రధాని లేఖ ప్రకారం చేయడం రాజ్యాంగానికి కుదరదని రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్‌తో ఆయన కార్యదర్శి బాలచంద్రన్ చెప్పారు. అయినా సంతకం పడింది. మంత్రివర్గం సమావేశమైంది మర్నాడు పొద్దున. ఇదంతా ఎమర్జెన్సీ అక్రమాలపై విచారణ జరిపిన షా కమిషన్ ముందు వాంగ్మూలంగా రికార్డయింది కాబట్టే, సరైన సలహా అందీ వినలేదని ఇవాళ అనగలుగుతున్నాం.

మీరే వెతకాలంటే ముందు నేషనల్ ఆర్కైవ్స్ వారి ‘అభిలేఖ్ పటల్’ వెబ్‌సైట్‌లో చూడండి. దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, పోస్టల్ ఆర్డరు చాలు. నకలు పేజీకి 2 రూపాయలు, జవాబు గడువు 30 రోజులు. ‘ఎందుకు సంతకం పెట్టారు’ అని అడిగితే లాభం లేదు. ఫలానా తేదీ ఉత్తర్వు ఫైలులో అధికారులు రాసిన వ్యాఖ్యల (నోటింగుల) నకళ్లు అని అడగాలి. ఇంకో సంగతి: దరఖాస్తు ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంత అధికార భాషలో ఉండాలని చట్టం. మీ గజపతి జిల్లాలో అది ఒడియా. తెలుగులో రాస్తే తిరిగి రావచ్చు.

ఆత్మకథలు చదివితే అవతలి పక్షం వాళ్లవీ చదవండి. తేదీలు పొసగనిచోట గుర్తు పెట్టుకోండి.

ప్రశ్న: రైల్వే కార్మిక సంఘాలు కట్టిన గిరి గారు రాష్ట్రపతిగా ఉండగానే 1974 రైల్వే సమ్మెను అణిచేశారు. ఆ మచ్చ ఆయనదేనా?
– విశ్రాంత రైల్వే ఉద్యోగి, రాయగడ

జవాబు: అరెస్టుల నిర్ణయం ప్రభుత్వానిది. కానీ సమ్మెపై ప్రయోగించిన భారత రక్షణ నిబంధనలకు ఊపిరి 1971 డిసెంబరు 3న పాకిస్తాన్ దాడి రోజు ప్రకటించిన అత్యవసర పరిస్థితి. ఆ ప్రకటన మీద సంతకం గిరి గారిదే. ఆ రోజున అది సరైన సంతకం. యుద్ధం రెండు వారాల్లో ముగిసినా ప్రకటనను 1977 మార్చి దాకా ఎత్తేయలేదు. ఆ తప్పు మంత్రివర్గానిది. కార్మిక నాయకుడిగా బతికిన మనిషి దాన్ని ఎత్తేయమని గట్టిగా అడగాల్సిందన్న మీ బాధ న్యాయమైనదే.