అమ్మబోయే వైన్ కంట్రీ ఇంటికి 1.8 లక్షల డాలర్ల రీమోడలింగ్ అవసరమా?

ప్రశ్న: మేమిద్దరం ఫ్రీమాంట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాం. ఇద్దరి జీతాలు కలిపి ఏడాదికి 4 లక్షల డాలర్లు. 2016లో కాలిఫోర్నియా వైన్ కంట్రీ అయిన సోనోమా కౌంటీలో, హీల్డ్స్‌బర్గ్ దగ్గర కొండవాలులో మూడెకరాల స్థలంతో ఒక ఇల్లు 15 లక్షల డాలర్లకు కొన్నాం. అందులో అరెకరం కాబర్నే ద్రాక్షతోట ఉంది. వారాంతాల్లో వెళ్లి ఉండటమే తప్ప ఎప్పుడూ అద్దెకివ్వలేదు. స్విమ్మింగ్ పూల్, డెక్, కొత్త కిటికీలకు మరో 2 లక్షలు పెట్టాం కానీ 1.4 లక్షలకే బిల్లులు దొరుకుతున్నాయి. లోన్ ఇంకా 8 లక్షలుంది. వచ్చే డిసెంబరుతో ఉద్యోగాలు మానేసి విశాఖపట్నం వెళ్లిపోదామనుకుంటున్నాం. ఇద్దరం అమెరికా పౌరులమే. ఇల్లు 23 లక్షలు పలుకుతుందని ఏజెంటు అన్నారు. 1.8 లక్షలు పెట్టి వంటగది, మాస్టర్ బాత్‌రూమ్ కొత్తగా చేయిస్తే ఇంకా ఎక్కువ వస్తుందని కూడా అంటున్నారు. మా ఆవిడేమో రెండేళ్లు అక్కడే కాపురముంటే 5 లక్షల లాభానికి పన్ను ఉండదట కదా అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: వంటగది జోలికి వెళ్లకండి. కాపురమూ మార్చకండి. మీకు డబ్బు మిగిలే చోట్లు వేరే ఉన్నాయి.

ముందు వంటగది లెక్క చూద్దాం. "ఇంకా ఎక్కువ" అంటే ఎంతో ఏజెంటును అంకెలో చెప్పమనండి. మీరు పంపిన ఖర్చుల పట్టీ ప్రకారం ఆస్తి పన్ను, ఇన్సూరెన్స్, లోన్ వడ్డీ, తోట పని, పూల్ మెయింటెనెన్స్ కలిపి ఆ ఇంటికి నెలకు 7 వేల డాలర్లు పోతున్నాయి. పర్మిట్లు, కాంట్రాక్టరు ఆలస్యాలు కలిసి అమ్మకం ఆరు నెలలు వెనక్కి జరిగితే ఇంకో 42 వేలు ఖర్చు. రీమోడలింగ్ ఖర్చు లాభంలోంచి తగ్గించుకోవచ్చు, నిజమే. పెరిగిన ధర మీద కమీషన్, పన్ను పోతాయి కూడా. ఇవన్నీ వేసి చూస్తే, మీరు పెట్టింది మీకు తిరిగి రావడానికే ధర కనీసం రెండున్నర లక్షలు పెరగాలి. లాభం ఆ తర్వాతి మాట. 23 లక్షలు పెట్టి కొండ మీద రెండో ఇల్లు కొనేవాళ్లు తమ అభిరుచితోనే వస్తారు. మీరు కొత్తగా వేయించిన గ్రానైట్‌ని వాళ్లు పీకించేసినా ఆశ్చర్యం లేదు. ఆ పనిని విశాఖ నుంచి వాట్సాప్‌లో చూసుకోవాల్సి వస్తే పడే టెన్షన్ సంగతి చెప్పనక్కర్లేదు.

కొనేవాడు వెనకాడేది పాత వంటగది చూసి కాదు, కార్చిచ్చు మంటలకు భయపడి. 2017లో టబ్స్ ఫైర్ శాంటా రోసాలో కాలనీలనే బూడిద చేసింది. 2019లో కింకేడ్ ఫైర్ వచ్చినప్పుడు హీల్డ్స్‌బర్గ్, విండ్సర్ ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించారు. 2020లో మీకు పడమటి వైపు వాల్‌బ్రిడ్జ్ ఫైర్. 2023 మే నెలలో స్టేట్ ఫార్మ్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ కాలిఫోర్నియాలో కొత్త హోమ్ పాలసీలు ఇవ్వడం ఆపేసింది. ఇన్సూరెన్స్ లేకపోతే బ్యాంకు లోన్ ఇవ్వదు. బేరం కుదిరాక, ఎస్క్రోలో (డబ్బు, కాగితాలు మధ్యవర్తి దగ్గర ఉండే దశలో) ఉండగా, కొనేవాళ్లకు ఇన్సూరెన్స్ దొరక్క వెనక్కి పోతే మీ ఇల్లు మళ్లీ మార్కెట్లోకి వస్తుంది. అలా తిరిగొచ్చిన ఇంటిని అందరూ అనుమానంగానే చూస్తారు.

అందుకే అమ్మకానికి పెట్టే ముందే ఆ ప్రాంతం తెలిసిన ఇన్సూరెన్స్ బ్రోకర్ దగ్గర కొనేవాళ్ల కోసం ఒక కోట్ తీసుకోండి. మామూలు కంపెనీలు ఇవ్వకపోతే, అలాంటి ఇళ్ల కోసమే కాలిఫోర్నియాలో ఉన్న ఫెయిర్ ప్లాన్ అనే ఇన్సూరెన్స్ ఉంది. ఇళ్లకు దాని పరిమితి 30 లక్షల డాలర్లు కాబట్టి మీ ఇంటికి సరిపోతుంది. అయితే అది ప్రధానంగా మంటలు, పొగ లాంటి వాటికే. దొంగతనం, నీటి నష్టం, లయబిలిటీల కోసం పక్కన ఇంకో పాలసీ తీసుకోవాలి. రెండూ కలిపి ఏడాదికి ఎంతవుతుందో కాగితం మీద చూపిస్తే, కొనేవాళ్లు ఊహించుకునే భయంకరమైన అంకె కంటే అది తక్కువే ఉండొచ్చు. ఎక్కువే ఉందనుకోండి, ధర ఎక్కడ పెట్టాలో మీకు ముందే తెలుస్తుంది.

ఇంటి చుట్టూ 100 అడుగుల వరకు ఎండుగడ్డి, పొదలు అదుపులో ఉంచాలని కాలిఫోర్నియా చట్టం. 2021 జులై నుంచి, మంటల ముప్పు ఎక్కువ ఉన్న జోన్లలో ఇల్లు అమ్మేవాళ్లు ఈ నిబంధన పాటించినట్టు కాగితం కూడా చూపాలి. ఇన్‌స్పెక్షన్‌కు ఇప్పుడే అడగండి. గోడను ఆనుకుని ఉన్న మొదటి 5 అడుగులు అన్నిటికంటే ముఖ్యం. అక్కడ చెక్కపొట్టు, జునిపర్ పొదలు, గోడకు తగిలే చెక్క కంచె ఉంటే తీయించేయండి. అటక వెంట్లకు నిప్పురవ్వలు దూరని జాలీ వేయించండి. 2010కి ముందు కట్టిన ఇల్లయితే ఇలాంటి బలహీనతల గురించి కొనేవాళ్లకు రాసివ్వాల్సిన ఫారం ఒకటి ఉంది. ముందే బాగుచేయిస్తే అందులో రాయాల్సింది తగ్గుతుంది.

తర్వాత బోరు, సెప్టిక్ ట్యాంకు. సిటీలో పెరిగి మొదటిసారి పల్లె ఇల్లు కొనేవాళ్లకు ఈ రెండూ పెద్ద గుబులు. బోరు నిమిషానికి ఎన్ని గ్యాలన్లు ఇస్తుందో కొన్ని గంటలపాటు నడిపి పరీక్షించి, రిపోర్టు తీసుకోండి. ఈ పరీక్షను వర్షాలు పడకముందు, సెప్టెంబరు చివర్లో చేయించడం మంచిది. ఏడాదిలో నీళ్లు బాగా తగ్గే రోజుల్లో అంకె బాగుంటే దాన్ని ఎవరూ ప్రశ్నించరు. నీటిని ల్యాబ్‌కు కూడా పంపండి. సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయించి చూపించండి. కౌంటీ పర్మిట్ ఎన్ని బెడ్‌రూములకు ఉందో, మీ ప్రకటనలో ఎన్ని రాస్తున్నారో సరిచూసుకోండి. ఇక్కడ తేడా వస్తే చివరి నిమిషంలో ధర కోస్తారు.

ద్రాక్షతోట విషయంలో మీకు ఆశ ఉన్నట్టుంది, కొంచెం తగ్గించుకోండి. ఈమధ్య కాలిఫోర్నియాలో వైన్ ద్రాక్షకు గిరాకీ పడిపోయి, కొందరు రైతులు కాయ కోయకుండానే వదిలేశారు, తీగలు పీకించినవాళ్లూ ఉన్నారు. అరెకరం తోట ఆదాయమిచ్చేది కాదు, ఫొటోకు అందం. చలికాలంలో ప్రూనింగ్ మాత్రం మానకండి. పాడుబడ్డ తోట ఇంటికే చెడ్డపేరు తెస్తుంది, బూడిద తెగులుతో పక్క తోటలవాళ్లతో గొడవలూ తెస్తుంది. ఆ కాయతో ఇంట్లో చేసుకున్న వైన్ సీసాలుంటే బంధువులకు పంచేయండి. ఇంట్లో చేసుకున్న వైన్ అమ్మడాన్ని చట్టం ఒప్పుకోదు కాబట్టి వాటిని బేరంలోకి తేవద్దు. ఇంకోమాట, డెక్ మీద కరివేపాకు కుండీ ఉంటే స్నేహితులకు ఇచ్చే ముందు క్వారంటైన్ నిబంధనలు చూడండి. నిమ్మజాతి చెట్ల తెగులు వల్ల కాలిఫోర్నియాలో ఆ మొక్కను ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించడం మీద ఆంక్షలున్నాయి.

వీటన్నిటికీ, లోపల రంగులు, స్టేజింగ్ (కొనేవాళ్లకు నచ్చేలా ఇంటిని సామానుతో అలంకరించడం), మంచి ఫొటోలకు కలిపి నేనైతే 35 వేల డాలర్లు పక్కన పెడతాను. వంటగదిలో క్యాబినెట్లకు రంగు, కొత్త పిడులు, లైట్లు చాలు. పూజ గది సామాను ముందే ప్యాక్ చేసేయండి, ఆ గదిని స్టేజర్ చదువుకునే గదిగా చూపిస్తారు.

ఇక పన్ను. అమ్మకం ఖర్చులకు 1.3 లక్షలు వేసుకుని, కొన్న ధర, బిల్లులున్న 1.4 లక్షలు తీసేస్తే మీ లాభం 5.3 లక్షలు. ఈ ఏడాది జీతాల మీద ఇది వచ్చి పడితే ఫెడరల్, 3.8 శాతం నెట్ ఇన్వెస్ట్‌మెంట్ పన్ను, కాలిఫోర్నియా పన్ను కలిపి ఇప్పటి శ్లాబుల్లో సుమారు 1.67 లక్షలు. జీతం లేని వచ్చే ఏడాదిలో పడితే సుమారు 1.15 లక్షలు. అంటే 50 వేల డాలర్ల తేడా. పన్ను ఏడాదిని నిర్ణయించేది క్లోజింగ్ తేదీ, అంటే అమ్మకం పూర్తయ్యే రోజు. ఫిబ్రవరి చివర్లో లిస్టింగ్ పెట్టి ఏప్రిల్‌లో ముగించడం నాకు నచ్చిన పథకం. అప్పటికి కొండలు పచ్చగా ఉంటాయి, ద్రాక్ష చిగురేస్తుంది, పొగల సీజన్ దూరం. ఈ శరదృతువులో అమ్మకుండా ఆగినందుకు ఐదు నెలల ఖర్చు 35 వేలు పోతుంది కాబట్టి నికరంగా మిగిలేది 15 వేలే. అందుకని నవంబరులో మంచి ఆఫర్ వస్తే వదలకండి, జనవరి మొదటి వారంలో క్లోజింగ్ పెట్టుకుందామని అడగండి. జనవరిలో మీ చేతికొచ్చే ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ ఇచ్చే షేర్లు), బోనస్‌లు ఉంటే మాత్రం ఈ లెక్క మారుతుంది, ఆ కాగితాలు మీ పన్నులు చూసే సీపీఏకి చూపించండి.

బిల్లులు లేని ఆ 60 వేల సంగతి మర్చిపోవద్దు. అవి దొరికితే ఆదా అయ్యే పన్ను 16, 17 వేలు. పాత బ్యాంకు, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు, కాంట్రాక్టరు ఈమెయిళ్లు, కౌంటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌లో పర్మిట్ రికార్డులు వెతకండి. ఒక ఆదివారం కూర్చుని చేసే పనికి ఇంతకంటే మంచి కూలి దొరకదు.

మీ ఆవిడ చెప్పిన 5 లక్షల మినహాయింపు ఉన్నమాటే. చివరి ఐదేళ్లలో రెండేళ్లు సొంత నివాసంగా ఉండాలి. అయితే అంతకు ముందు అది రెండో ఇల్లుగా ఉన్న కాలానికి తగిన భాగం లాభానికి మినహాయింపు రాదు. పదేళ్లు వారాంతపు ఇల్లు, రెండేళ్లు నివాసం అంటే ఆరో వంతుకే, అంటే 88 వేల లాభానికే మినహాయింపు. దాని కోసం నెలకు 7 వేలు చొప్పున రెండేళ్లు మోయాలా? ఈ డబ్బుతో విశాఖలో స్థలం కొని 1031 ఎక్స్‌ఛేంజ్ (ఒక ఆస్తి అమ్మి ఇంకోటి కొని పన్ను వాయిదా వేసుకోవడం) చేద్దామనే ఆలోచన కూడా వద్దు. సొంతానికి వాడుకున్న ఇల్లు దానికి పనికిరాదు, పైగా అమెరికా ఆస్తికి ఇండియా ఆస్తిని మారుగా చూపలేరు. అమ్ముడయ్యేదాకా టూరిస్టులకు అద్దెకివ్వాలన్నా సోనోమా కౌంటీ పర్మిట్ కావాలి, అదీ కొత్త యజమానికి బదిలీ కాదు.

క్లోజింగ్‌లో మిమ్మల్ని ఉలిక్కిపడేలా చేసేది కాలిఫోర్నియా విత్‌హోల్డింగ్, అంటే పన్ను కింద ముందే పట్టుకునే డబ్బు. అమ్మకం ధరలో మూడుంబావు శాతం కంటే కాస్త ఎక్కువ, అంటే మీకు 76 వేలకు పైగా పట్టుకుంటారు. రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. అయినా ఏప్రిల్, మే నెలల్లో అమ్మితే మిగతా పన్నుకు జూన్ 15 లోపు ఎస్టిమేటెడ్ ట్యాక్స్ (అంచనా వేసి ముందే కట్టే పన్ను) కట్టాలి. లోన్, అమ్మకం ఖర్చులు, పన్నులు, ఇంటిని సిద్ధం చేసే 35 వేలు పోగా మీ చేతికి వచ్చేది సుమారు 12 లక్షల 20 వేలు. మీరు పౌరులు కాబట్టి, విదేశీయులు అమెరికా ఆస్తి అమ్మితే వర్తించే ఫిర్ప్టా చట్టం కింద 15 శాతం కోత ఉండదు. గ్రీన్ కార్డు వదిలేసి ఇండియా నుంచి అమ్మే పాఠకులు మాత్రం ఆ కోతకు సిద్ధంగా ఉండాలి. కమీషన్ కూడా బేరమాడండి. 2024 ఆగస్టు నుంచి కొనేవాళ్ల ఏజెంటు కమీషన్ ఆఫర్‌ను ఎంఎల్‌ఎస్‌లో (ఏజెంట్లు ఇళ్ల వివరాలు పెట్టే జాబితాలో) చూపడం లేదు, అది విడిగా మాట్లాడుకోవాల్సిన అంకె.

ఇండియా వైపు, గత పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్‌రెసిడెంట్‌గా ఉన్నవారు తిరిగి వెళ్లాక మొదట కొంతకాలం ఆర్‌ఎన్‌ఓఆర్ (రెసిడెంట్ బట్ నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్) హోదాలో ఉంటారు. ఆ హోదాలో ఇలాంటి విదేశీ లాభానికి అక్కడ పన్ను ఉండదు. డబ్బు మాత్రం ముందు అమెరికా ఖాతాలోనే పడాలి, ఆ తర్వాత పంపుకోండి.

విమానం ఎక్కేలోపు మీ బదులు సంతకం చేయడానికి ఒకరికి లిమిటెడ్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించి, అందులోని మాటలు ఇంటి హక్కు పత్రాలు చూసే టైటిల్ కంపెనీకి సమ్మతమేనా అని ముందే అడగండి. లేదంటే సంతకాల నోటరీ కోసం మీరిద్దరూ హైదరాబాద్ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ వెతుక్కోవాలి. ఇల్లు ఖాళీగా ఉండే నెలల గురించి ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. చాలా పాలసీల్లో ఇల్లు 30 లేదా 60 రోజులు ఖాళీగా ఉంటే కవరేజీ తగ్గిపోతుంది.