గోడ పక్క పలక కుంగితే...

ప్రశ్న: ఇంటి గోడ పక్కన వేసిన కాంక్రీటు పలక గోడవైపు రెండంగుళాలు కుంగింది. వాన నీళ్లు అక్కడే నిలుస్తున్నాయి. పైన సిమెంటు మాలు పోసి సమం చేస్తే చాలా?

జవాబు: చాలదు. అంచున పలచబడిన పూత పెచ్చులుగా లేస్తుంది, పైగా బరువు పెరిగి పలక ఇంకా దిగుతుంది. లోపం కింద ఉంది. పునాది చుట్టూ పూడ్చిన మట్టిని సరిగా దిమ్మిస కొట్టకపోతే ఏళ్ల తరబడి అణుగుతుంది. డాబా నీటి గొట్టం అక్కడే దిగితే మట్టి కొట్టుకుపోతుంది కూడా. సుత్తితో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే కింద ఖాళీ ఉన్నట్టే. ముందు ఆ నీటిని గోడకు రెండు మీటర్ల అవతలికి మళ్లించండి. అది చేయకుండా ఏ మరమ్మతూ నిలవదు.

పలక ఒకే ముక్కగా ఉంటే లేపవచ్చు. 40–50 మి.మీ. రంధ్రాలు వేసి, సిమెంటు, మెత్తటి మట్టి కలిపిన జారు ముద్దను పంపుతో పలక కిందికి ఎక్కిస్తారు. పాలీయురేథేన్ ఫోమ్‌కైతే (ఉబ్బి గట్టిపడే ప్లాస్టిక్ నురగ) 16 మి.మీ. రంధ్రం చాలు, బరువు తక్కువ, ఖర్చు ఎక్కువ. ఒకే రంధ్రంలో ఆపకుండా నింపితే పలక పగులుతుంది. రంధ్రాలు మారుస్తూ కొద్దికొద్దిగా లేపించండి. గోడ సందులో ఇరుక్కున్న రాళ్లు ముందే తీయాలి, లేకపోతే పలక కదలదు. చివరికి మీటరుకు 2 సెం.మీ. వాలు బయటికి ఉండాలి.

ముక్కలైపోయిన పలకను లేపడం దండగ. తీసేసి, మట్టిని 15 సెం.మీ. పొరలుగా తడిపి దిమ్మిస కొట్టి, 10 సెం.మీ. మందాన కొత్తది పోయించండి.